నానో మనది, జల్లెడ వాళ్లది

మన నాయకులకు 'నానో' అన్న మాట దొరికిన నాటి నుంచి మైకులకు విశ్రాంతి లేదు. యూరియా బస్తా కోసం తెల్లవారుజామున లైన్లో నిలబడ్డ రైతుకు నానో సీసా అంటగట్టి ఒక ముచ్చట తీర్చుకున్నాం. ఇప్పుడు నానో మందుల వంతు వచ్చింది. హైదరాబాద్‌లో ఏ బయోటెక్ సదస్సు పెట్టినా పల్లవి ఒకటే: ప్రపంచ టీకాల్లో మూడో వంతు మావే, మాది టీకాల రాజధాని, జీనోమ్ వ్యాలీ చూడండి! చూశాం. శాలువాలు చూశాం, జ్యోతి ప్రజ్వలన చూశాం, డ్రోన్‌తో తీసిన వీడియో కూడా చూశాం. అందులో వడపోత పొర మాత్రం ఎక్కడా కనపడలేదు.

కనపడకపోవడం న్యాయమేలెండి. తెల్లగా, పలచగా ఉండే ఆ పొరకు రిబ్బను కట్టలేం, దాని పక్కన నిలబడి ఫొటో దిగలేం.

కానీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా సంగతి చూడండి. ఆల్కహాలులో కరిగించిన కొవ్వులనూ, ఆమ్లపు ద్రావణంలో ఉన్న ఎంఆర్‌ఎన్‌ఏనూ వేగంగా కలిపితే రెప్పపాటులో రేణువులు కట్టుకుంటాయి. ఒక్కొక్కటి దాదాపు 80 నుంచి 100 నానోమీటర్లు. సదస్సు ఉపన్యాసాలు ఇక్కడితో అయిపోతాయి. మందు తయారీ మాత్రం అవ్వదు. అప్పటికి చేతిలో ఉన్నది సారా కలిసిన పుల్లటి ద్రవం. అందులోంచి ఆల్కహాలు పోవాలి, పులుపు విరగాలి, రేణువు మాత్రం చెక్కుచెదరకూడదు.

ఆ పని చేసేది టాంజెన్షియల్ ఫ్లో ఫిల్ట్రేషన్. ప్లాంటులో వాళ్లు టీఎఫ్‌ఎఫ్ అంటారు. ద్రవాన్ని పొర మీదికి నిటారుగా తోస్తే కాఫీ ఫిల్టరులో పొడి గడ్డకట్టి డికాక్షన్ దిగనట్టు రేణువులన్నీ పేరుకుని దారి మూసేస్తాయి. అందుకని పొర పక్కనుంచి ఒరుసుకుంటూ పారనిస్తారు. ఆల్కహాలు, లవణాలు సన్నని రంధ్రాల్లోంచి బయటికి జారిపోతాయి, రేణువులు లోపలే తిరుగుతుంటాయి. పోయినంత ద్రవానికి బదులు పులుపు విరిచే శుభ్రమైన బఫరు ద్రావణం పోస్తుంటారు. పంపు కాస్త తొందరపడితే రేణువులు నలిగిపోతాయి, నెమ్మదిస్తే ఒకదానికొకటి అతుక్కుంటాయి.

ఇంతటితోనూ అయిపోదు. ఈ మందును వేడిచేసి క్రిములు చంపుదామంటే రేణువే చెదురుతుంది. కాబట్టి చివర్లో 0.2 మైక్రాన్ల పొర, అంటే 200 నానోమీటర్ల గడప. మొదటి పొర దగ్గర ఆగిపోయింది మందు. ఈ పొరను దాటిపోయింది మందు, ఆగిపోయింది బ్యాక్టీరియా. రేణువులు ముందే ముద్దకట్టి ఉంటే ఈ గడప దగ్గరే ఇరుక్కుంటాయి, బ్యాచ్ మొత్తం మురిక్కాలువకే. ఇంత పెత్తనం చేసే వస్తువుకు వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీ కూడా వేయరు.

దాని విలువ ఎవరికి తెలుసంటారా? అమెరికాకు తెలుసు. కోవిడ్ కాలంలో, 2021 ఫిబ్రవరిలో, ఆ దేశం కొరియా యుద్ధకాలపు చట్టం, 1950 నాటి డిఫెన్స్ ప్రొడక్షన్ యాక్ట్‌ను ప్రయోగించింది. టాంకుల కోసమో, విమానాల కోసమో కాదు. ఎంఆర్‌ఎన్‌ఏ టీకా చేస్తున్న ఫైజర్‌కు సీసాలు నింపే పంపులు, టీఎఫ్‌ఎఫ్ యంత్రాలు అందరికంటే ముందు అందాలని! అగ్రరాజ్యం జల్లెడ కోసం యుద్ధ చట్టం తీసింది. మనం ఆ నెలల్లో విశ్వగురువు హోదాలో ఉన్నాం.

ఆ హోదా ఎన్నాళ్లు నిలిచింది? మార్చిలోనే సీరం ఇన్‌స్టిట్యూట్ అధినేత అదర్ పూనావాలా సంచులు, ఫిల్టర్లు దొరకడం లేదని మొత్తుకున్నారు. ఆయన తయారు చేయబోతున్న నోవావాక్స్ టీకా కూడా నానోరేణువుల బాపతే. ఏప్రిల్ 16న ముడిసరుకుల మీద అడ్డంకులు తీయమని ట్విట్టర్‌లో నేరుగా అమెరికా అధ్యక్షుడినే వేడుకున్నారు. నిషేధమేమీ లేదు, మా వాళ్ల ఆర్డర్లు ముందు, అంతే అన్నది వాషింగ్టన్ జవాబు. ఎంత మర్యాదో! ఇక్కడ శ్మశానాల దగ్గర కూడా లైన్లే, అక్కడ ఫిల్టర్ల దగ్గర కూడా లైనే.

ఇందులో అసలు చమత్కారం వేరే ఉంది. పనికొచ్చే వడపోత పొరల యుగానికి తలుపు తీసిన ఇద్దరిలో ఒకరు మన దేశంలో పుట్టినవారే. శ్రీనివాస సౌరిరాజన్, సిడ్నీ లోబ్‌తో కలిసి లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసే పొర చేశారు, 1960 ప్రాంతాల్లో. పేరు మనకు మిగిలింది, వ్యాపారం మెర్క్, సార్టోరియస్, సైటివా లాంటి విదేశీ కంపెనీలకు పోయింది.

పొరల విద్య మనకు రాదని కాదు. హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో నీటిశుద్ధి పొరల మీద ఏళ్లుగా పని జరుగుతోంది. అంబాలాలో పొరలు తయారు చేసే స్వదేశీ కంపెనీ లేకపోలేదు. 2022లో మన హైదరాబాద్ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ స్వదేశీ ఎంఆర్‌ఎన్‌ఏ టీకా సాంకేతికత సిద్ధం చేసింది, మెచ్చుకోవాల్సిన పనే. ఆ కబురుకు కొట్టిన చప్పట్లలో పదో వంతు పొరల మీద ఖర్చుపెట్టి ఉంటే బాగుండేది. కంపెనీలనూ ఊరికే తిట్టలేం. అనుమతి ఫైలులో ఉన్న స్టెరైల్ ఫిల్టరు బదులు ఇంకొకటి పెట్టాలంటే బ్యాక్టీరియా పరీక్షల నుంచి మళ్లీ మొదలు. ఆ ఖర్చు భరించేవాడు లేక స్వదేశీ పొర సదస్సు స్టాల్లోనే ఉండిపోతుంది.

సదస్సుకు విచ్చేసే పెద్దలకు ఒక మనవి. ఈసారి ప్లాంటులోకి తెల్లకోటు వేసుకుని ఫొటోకు వెళ్లినప్పుడు, టీఎఫ్‌ఎఫ్ యంత్రం దగ్గర ఆగి ఆపరేటర్‌ను ఒక్క మాట అడగండి: ఈ పొర ఎక్కడిది, అయిపోతే ఎన్నాళ్లకు వస్తుంది? ఆ జవాబు విన్నాకే టీకాల రాజధాని గురించి మాట్లాడండి.