తుండుగుడ్డ కింద బేరం

మా నాయన ఎద్దుని కొనేటప్పుడు నోరు తెరిచేవాడు కాదు. పశువుల సంతలో దళారీకి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఇద్దరి చేతుల మీదా తుండుగుడ్డ కప్పి, దాని కింద వేళ్లు పట్టుకునేవాడు. రెండు వేళ్లు పట్టుకుంటే రెండొందలు, మూడైతే మూడొందలు. మిగతా గిచ్చుళ్లూ గీకుళ్లూ ఎంతో వాళ్లిద్దరికే తెలియాలి. చుట్టూ ఇరవై మంది నిలబడి చూస్తున్నా, బేరం ఎంతలో తెగిందో ఒక్కడికీ అంతుపట్టేది కాదు. నేను పలుపుతాడు పట్టుకుని, గుడ్డ ఎటు కదిలితే ఎంతో లెక్కగట్టేవాణ్ణి. ఒక్కసారీ సరిపోలేదు. ఇంటికొచ్చే దారిలో నాయన ఒకటే మాట చెప్పేవాడు: "ఎద్దు నచ్చిందని నీ ముఖంలో కనపడకూడదు రా. కనపడిందా, ఇంకో వేలు ఇచ్చుకోవాల్సిందే."

మాది చిల్లకూరు. ఓ పక్క సముద్రం, ఓ పక్క గూడూరు. గూడూరంటే నిమ్మకాయల మార్కెట్టు. అక్కడ బస్తా ముందు నిలబడి కాయను గిల్లి వాసన చూసి ధర పలికే వాళ్ల మధ్య పెరిగాను. కాబట్టి బేరమాడటం నా ఒంట్లోనే ఉందని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకం రెండు ఊళ్లలో పోయింది. సగం చికాగోలో, మిగతా సగం చెన్నైలో. రెండు చోట్లా పోగొట్టింది హోటలు గదే.

2008 ఆగస్టు. డెట్రాయిట్ దగ్గర ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఇంట్లో నేనూ మా ఆవిడా ఉన్నాం. చికాగో వెళ్లి సరస్సు చూపించి, పక్కన ఆరోరాలో బాలాజీ గుడికి తీసుకుపోతానన్నాడు. రాత్రి అన్నాలయ్యాక కంప్యూటరు ముందు కూర్చుని, "నాన్నా, ఇక్కడ హోటలు గదికి ధర మనమే చెప్పొచ్చు" అన్నాడు.

"గది వాడిదీ, ధర మనదీనా? ఏ దేశంలో ఉందిరా ఈ ధర్మం?"

ఉంది. జే వాకర్ అనే ఆయన 1998లో ప్రైస్‌లైన్ అనే సైటు పెట్టాడు. అమ్మేవాడు ధర చెబితే కొనేవాడు బేరమాడటం లోకరీతి. వాకర్ దాన్ని తిరగేశాడు. కొనేవాడు తన ధర చెబితే, గిట్టుబాటయిన వాడు ఒప్పుకుంటాడు. ముందు విమానం టిక్కెట్లతో మొదలుపెట్టి తర్వాత హోటళ్లకు వచ్చారు. స్టార్ ట్రెక్ సీరియల్లో అంతరిక్ష నౌక నడిపిన విలియం షాట్నర్ చేత టీవీలో ప్రచారం చేయించారు. ఊపు మీద పచారీ సామాన్లకూ, పెట్రోలుకూ కూడా ధర మీరే చెప్పండన్నారు. ఆ ముచ్చట 2000లోనే మూతబడింది. పప్పుబెల్లాల దగ్గర బేరం కుదరదని మా ఊరి శెట్టిగారిని అడిగినా చెప్పేవాడు.

హోటళ్లకు మాత్రం బాగా కుదిరింది. కారణం తెలుసుకోవడానికి నాకు అబ్బాయి అవసరం కాలేదు, నిమ్మకాయ చాలు. కోసిన కాయ నాలుగు రోజులకు వాడుతుంది. హోటలు గది అంతకంటే అన్యాయం, తెల్లారేసరికి వాడిపోతుంది. ఈ రాత్రి ఖాళీగా పోయిన గదిని రేపు రెండుసార్లు అమ్ముకోలేరు. అందుకని చివర్లో వచ్చిన కాడికి ఇచ్చేస్తారు. కానీ ఇచ్చినట్టు తెలియకూడదు. పక్క గదిలో రెండొందల డాలర్లు కట్టి పడుకున్నవాడు వింటే ఊరుకుంటాడా? అందుకని పేరు దాచి అమ్ముతారు. నాకు వెంటనే అర్థమైంది. ఇది మా నాయన తుండుగుడ్డే. పత్తి గుడ్డ బదులు కంప్యూటరు తెర, అంతే తేడా.

కాకపోతే ఒక మెలిక ఉంది. మనం చెప్పాల్సింది మూడే: ఊళ్లో ఏ పేట, ఎన్ని నక్షత్రాల హోటలు, ఎంత ఇస్తాం. ఆపైన కార్డు నంబరు. అవతలివాడు ఒప్పుకుంటే ఆ క్షణమే డబ్బు పోతుంది. హోటలు పేరు అప్పుడు చూపిస్తారు. వద్దంటే డబ్బు వెనక్కి రాదు. ఎద్దుని కొనేముందు పళ్లు చూస్తాం, సుళ్లు చూస్తాం, నాలుగడుగులు నడిపించి చూస్తాం. ఇక్కడ డబ్బు కట్టాక ఎద్దు ముఖం చూపిస్తారు.

అబ్బాయి తెరిచిన సైటు పేరెందుకు గానీ, ఆ బాపతుదే.

"నలభై పెట్టు" అన్నాను.

"నాలుగు నక్షత్రాల హోటలుకి నలభై డాలర్లా!"

"నక్షత్రానికి పది. చాలదా?"

చాలదంది సైటు. అంతేకాదు, అదే పేటలో అన్నే నక్షత్రాలకు మళ్లీ ధర చెప్పాలంటే 24 గంటలు ఆగాలట. మా సంతలో దళారీ కూడా ఇంత పట్టింపు చూపడు. వెళ్లిపోతున్నట్టు నాలుగడుగులు వేస్తే వాడే వెనక్కి పిలుస్తాడు. కంప్యూటరు ముందు లేచి నాలుగడుగులు వేసి చూశాను. పిలవలేదు.

అప్పుడు మా కోడలు నోరు విప్పింది. "మామయ్యా, ఇంకో పేట కలిపితే వెంటనే మళ్లీ ధర చెప్పనిస్తాడు. అసలు నాలుగు నక్షత్రాల హోటలే లేని పేటను కలపాలి. అప్పుడు గది దొరికితే మనకు కావాల్సిన చోటే దొరుకుతుంది." ఆ పిల్లది కడప జిల్లా. సంబంధం చూసేటప్పుడు చదువు గురించి అడిగామే గానీ ఈ తెలివి గురించి అడగలేదు. హోటళ్లు లేని పేటలు ఒక్కొక్కటే కలుపుకుంటూ, నలభై నుంచి యాభై, యాభై నుంచి అరవై, చివరికి 72 డాలర్ల దగ్గర తెర మీద పచ్చరంగు వెలిగింది. సైట్లన్నీ రెండొందలకు పైన చెబుతున్న నగరం నడిబొడ్డున! డాలరు నలభై మూడు రూపాయలు అటూఇటూగా ఉన్న రోజులవి. నేను నాయన్ను తల్చుకున్నాను.

హోటలు చూశాక ఇంకా గట్టిగా తల్చుకున్నాను. ఇరవై మూడో అంతస్తు, కిటికీలోంచి సరస్సు, పక్క మీద ఆరు దిళ్లు. పక్క మాత్రం ఒకటే. మేం నలుగురం. సైటు వాళ్లు ఇద్దరు పడుకునే గదికే పూచీ, మంచాలు ఎన్నో చెప్పం అని ముందే రాశారట. చీమ తలకాయంత అక్షరాల్లో ఉందని అబ్బాయి చూపించాడు. ఆడవాళ్లిద్దరికీ మంచం ఇచ్చి, తండ్రీకొడుకులం నేల మీద దుప్పటి పరుచుకున్నాం. పొద్దున బిల్లులో కారు పెట్టుకున్నందుకు 42 డాలర్లు వేశారు. మేం నలుగురం పడుకోవడానికి 72, కారు పడుకోవడానికి 42. లెక్కచూస్తే మా అందరిలో హాయిగా చక్రాలు చాపుకుని పడుకుంది అదొక్కటే.

అయినా ఆ గది కథ ఊళ్లో ఏళ్ల తరబడి చెప్పుకున్నాను. చెప్పేటప్పుడు కారు సంగతి ఎత్తేవాణ్ణి కాదు.

ధర మీరే చెప్పండి అనే ఆ ముచ్చట తర్వాత సన్నగిల్లింది. విమానం టిక్కెట్లకు 2016లో ఆపేశారు, తర్వాత హోటళ్లకూ పోయింది. పేరు దాచి, ధర మాత్రం వాళ్లే చెప్పి అమ్మే పద్ధతి మిగిలింది. అంటే గుడ్డ ఉంది, గుడ్డ కింద మన చెయ్యి లేదు. ఈ సంగతి నాకు చెన్నై వెళ్లేదాకా తెలియలేదు.

మా వైపు కంటికీ పంటికీ చీరకీ సారెకీ అన్నింటికీ చెన్నై పోవడమే అలవాటు. గూడూరు జంక్షన్ నుంచి సెంట్రల్‌కు 138 కిలోమీటర్లు. ఈ మధ్య మా ఆవిడ కళ్లు చూపించడానికి వెళ్లాల్సి వచ్చింది. ఆసుపత్రి వాళ్లు పొద్దున ఏడున్నరకే రమ్మన్నారు, అంటే ముందురోజే వెళ్లి గది తీసుకోవాలి. "పరీక్ష టైము కాస్త పొద్దెక్కాక ఇమ్మని అడగండి. పొద్దునే రైలెక్కి సాయంత్రానికి వచ్చేద్దాం" అంది ఆవిడ. చికాగోలో 72 డాలర్లకు నాలుగు నక్షత్రాలు కొట్టినవాణ్ణి, ఆ మాట చెవిన పెడతానా? గది వెతకడానికి ఫోను తీశాను.

తెర మీద 4,200 రూపాయలు అని రాసి కొట్టేసి ఉంది. కింద 1,399. పక్కన ఎర్రగా, "ఒక్క గదే మిగిలింది!" దాని కింద, "ఇప్పుడు 17 మంది చూస్తున్నారు." ఆ పదిహేడు మందీ ఎవరై ఉంటారా అని ఆలోచించాను. వేలంలో ఇట్లాంటి వాళ్లను మేం ఎరుగుదుం. సరుకు కొనరు, పక్కన నిలబడి పాట పెంచుతారు. వాళ్లది దొంగపాట అంటాం. పాట ఆపగానే టీ తాగి ఇంటికి పోతారు. ఇదంతా తెలిసీ నా బొటనవేలు వణికింది. నొక్కేశాను.

1,399కి జీఎస్టీ 70 కలిసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 7,500 లోపు గదులకు పన్ను 12 శాతం నుంచి 5కి దిగిందని సంతోషించేలోగా, సౌకర్య రుసుము 149 అంది. ఎవరి సౌకర్యమో చెప్పలేదు. ప్రయాణ బీమా 99. నేను అడగలేదు, దానంతటదే బుట్టలో కూర్చుంది. పేదపిల్లల చదువుకు 5. అది తీసేస్తే పాపం చుట్టుకుంటుందని వదిలేశాను. మొత్తం 1,722.

ఇట్లాంటి కనికట్లకు మన ప్రభుత్వం పేర్లు పెట్టి మరీ నిషేధించిందని తర్వాత తెలిసింది. 2023 నవంబరు 30న వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో 13 రకాలు రాశారు. లేని తొందర పుట్టించడం ఒకటి, అడగని వస్తువు బుట్టలో వెయ్యడం ఒకటి, ధరను చుక్కచుక్కగా కార్చి చివర్లో అసలు మొత్తం చెప్పడం ఒకటి. పదమూడులో మూడు నాకు ఒక్క గది దగ్గరే జరిగాయి. పెద్ద ఊరు వెళ్లినవాడికి ఆ మాత్రం మర్యాద జరగాల్సిందే.

సెంట్రల్ దగ్గర పెరియమేట్‌లో హోటలు. తొమ్మిదింటికల్లా చేరాం. బల్ల వెనక కుర్రాడు ఫోను చూసి, "చెక్ ఇన్ పన్నెండుకు సార్, సైటులో రాసుంది" అన్నాడు. మన ఊళ్ల లాడ్జీల్లో తాళంచెవి చేతికిచ్చిన గంట నుంచి ఇరవై నాలుగు గంటల లెక్క. ఇక్కడ గడియారం వాళ్లది. సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని సోఫాలో కూలబడ్డాం.

పావుగంటలో పంచె ఎగ్గట్టిన మనిషొకడు లోపలికి వచ్చాడు. చేతిలో సంచి, సంచి నిండా నిమ్మకాయల వాసన. మాట చూస్తే మా కోట ఊరి వైపు యాస.

"రూమెంత తంబీ?"

"వెయ్యిన్నర సార్."

ఆయన సీలింగు చూశాడు. ఫ్యాను చూశాడు. మెట్ల కింద చెప్పుల స్టాండు చూశాడు. ముఖంలో ఏ భావమూ లేదు. సంచి భుజానికెత్తుకుని గుమ్మం దాకా నడిచాడు.

"సార్, సార్! ఎంతిస్తారు?"

తొమ్మిదొందల దగ్గర తెగింది. తాళంచెవి అప్పుడే చేతికిచ్చారు. "ఆ గది ఖాళీగానే ఉంది సార్" అన్నాడు కుర్రాడు, నేనేం అడక్కముందే. ఆపైన గొంతు తగ్గించి, "మీరు కట్టిన డబ్బులో సైటువాడి కమీషను పోతుంది సార్. ఆయనిచ్చే తొమ్మిదొందలు నేరుగా మా గల్లాలో పడతాయి. ఫోను చేసుంటే మీకూ అదే ధరకి ఇచ్చేవాళ్లం" అన్నాడు.

దళారీ ఎక్కడికీ పోలేదన్నమాట. సంత నుంచి లేచొచ్చి నా జేబులో కూర్చున్నాడు. పాత దళారీకి నా ముఖం ఒక్కటే తెలుసు. ఈయనకు నా ఊరు తెలుసు, వెళ్లే తేదీ తెలుసు, రాత్రి పదకొండింటికి మూడోసారి అదే గది తెరిచి చూశానని కూడా తెలుసు. ఎద్దు నచ్చిందని ముఖంలో కనపడకూడదన్నాడు నాయన. నేను ముఖం దాచుకుని వేలితో చెప్పేశాను.

కోట ఆయన మెట్లెక్కుతూ ఆగి, మావాళ్లేనని పోల్చుకుని, "అన్నా, మీరెంతకు తీసుకున్నారు?" అని పలకరించాడు.

జీవితంలో మొదటిసారి ముఖంలో ఏ భావమూ రాకుండా నిలబెట్టుకున్నాను. "వెయ్యి లోపే" అన్నాను.

మా ఆవిడ నా వంక చూసింది. కళ్లకు పరీక్ష అవసరం లేనంత స్పష్టంగా చూసింది.

కాబట్టి చెన్నై పోయే మా వైపు వాళ్లకు నేను చెప్పేదొకటే. సైటులో హోటళ్లు చూడండి, ధర చూడండి, గది ఫొటోలు చూడండి. చూసి, ఆ హోటలుకే ఫోను చేసి, "నేరుగా వస్తే ఎంతకిస్తారు, ఎన్నింటికి తాళంచెవి ఇస్తారు?" అని రెండు ప్రశ్నలు అడగండి. ఒక్క గదే మిగిలిందంటే మిగలనివ్వండి.

పోయిన వారం కళ్ల పరీక్షకు రెండోసారి రమ్మన్నారు. మా ఆవిడే ఫోను చేసి పదకొండు గంటలకు టైము తీసుకుంది. పొద్దున గూడూరులో రైలెక్కాం, రాత్రి భోజనానికి చిల్లకూరు వచ్చేశాం. గది ఖర్చు సున్నా.