ప్లానులో పుట్టిన ర్యాంపును

నేను ర్యాంపును. మైలవరంలో ఒక ఇంటి పక్కగా, గేటు దగ్గర మొదలై వసారా మట్టానికి చేరేదాకా 18 అడుగుల పొడవున, నాలుగడుగుల వెడల్పున ఉంటాను. నా ఒళ్ళంతా ఈ మెట్ట ప్రాంతానిదే. జగ్గయ్యపేట సున్నపురాయి కాల్చి చేసిన సిమెంటు, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషను బూడిదతో పోసిన ఇటుకలు, కృష్ణా నది ఇసుక.

మా వీధిలో ర్యాంపులకు కొదవ లేదు. ప్రతి గేటు ముందూ సైడు కాలువ మీద ఒకటి ఉంటుంది. అవన్నీ బండ్ల కోసం పోసినవి. మూడడుగుల దూరంలో అడుగున్నర ఎత్తు ఎక్కేస్తాయి. స్కూటరు ఒక్క రేజుతో ఎక్కుతుంది. చక్రాల కుర్చీని తోసే మనిషి అక్కడ సగంలోనే ఆగిపోతాడు, దిగేటప్పుడు కుర్చీ చేతిలో నిలవదు. కాలువ పూడిక తీసే రోజు పలుగు మొదట పడేది కూడా వాటి మీదే. ఇల్లు కట్టాక గుర్తొచ్చిన ర్యాంపుకు వీధిలో తప్ప చోటు మిగలదు మరి.

ఇళ్ళు ఎత్తు చేయడానికి కారణం ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్త పొర పడుతుంది. వాననీళ్ళు ఇంట్లోకి వస్తాయన్న భయంతో బేస్‌మట్టం మూడడుగులు లేపుతారు, ముందు అయిదారు మెట్లు కడతారు. మా ఇంటివాళ్ళ పాత ఇల్లు అలాంటిదే. ఆ ఇంటి పెద్ద మామ్మగారికి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాక ఆ మెట్లే ఆమెకు పొలిమేరలయ్యాయి. ఆసుపత్రికి వెళ్ళాలంటే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు కొడుకులు మోసేవాళ్ళు. పెన్షను ఒకటో తారీఖున సచివాలయం వాళ్ళు మంచం దగ్గరికే తెచ్చి ఇచ్చేవాళ్ళు. డబ్బు గడప దాటి లోపలికి వచ్చేది గానీ, ఆమె గడప దాటి బయటికి రాలేకపోయేది.

కొత్త ఇంటికి ప్లాను గీయించేటప్పుడు కోడలు ఇంజనీరుతో అన్న మాటే నా పుట్టుక.

“ఇంజనీరుగారూ, అత్తయ్యగారి కుర్చీ ఎవరూ మొయ్యకుండా లోపలికి రావాలండీ. ముందు అది గీయండి, వంటగది సంగతి తర్వాత చూద్దాం.”

“అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు కావాలమ్మా. మూడడుగుల బేస్‌మట్టం అంటే 36 అడుగులు. మీ స్థలం పొడవే 45.”

దాంతో లెక్క వెనక్కి తిరిగింది. నీళ్ళు కాలువలోకి పోయేలా పెరటి వాలు సరిచేసి, బేస్‌మట్టాన్ని అడుగున్నరకు దించారు. నాకు 18 అడుగులు దక్కాయి. ఇదంతా కాగితం మీద, పెన్సిలుతో జరిగింది. ముగ్గు పోసి పునాది తవ్వాక అయితే ఆ లెక్క మార్చడం ఎవరి తరమూ కాదు.

“ఇది పెడితే ఫీజేమన్నా తగ్గుతుందాండీ?” అని కొడుకు అడిగాడు.

“దీనికి తగ్గించరండీ. గ్రీన్ బిల్డింగుకయితే ఉంది.”

ఆయన అన్నది నిజమే. ఆంధ్రప్రదేశ్ 2017 భవన నిబంధనల కింద గోల్డ్ లేదా అంతకు మించిన గ్రీన్ రేటింగు తెచ్చుకున్న భవనానికి పర్మిట్ ఫీజులో 20 శాతం తగ్గింపు ఉంది. నీళ్ళూ కరెంటూ ఆదా చేసేవాళ్ళను ప్రభుత్వం అలా ప్రోత్సహించడం మంచి పనే. మనిషిని గడప దాటించేవాళ్ళకూ అదే మర్యాద దక్కాలని నా కోరిక.

మా జాతికి చట్టాలు లేకపోలేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 44వ సెక్షను ప్రకారం, అందుబాటు నిబంధనలు పాటించని ప్లానుకు ఏ సంస్థకూ అనుమతి ఇవ్వకూడదు, కట్టడం పూర్తయిందన్న సర్టిఫికెట్టూ ఇవ్వకూడదు. కానీ ఆ నిబంధనలు చాలావరకు సలహాల్లాగే మిగిలాయి. చూపు లేని రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యం మీద సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న ఆ సంగతి తేల్చి చెప్పింది. తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలను మూడు నెలల్లో తయారుచెయ్యమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రానిది.

అయితే ఆ 44వ సెక్షను సంస్థల గురించే మాట్లాడుతుంది. సొంతిల్లు దాని పరిధిలోకి రాదు. మనిషి ఎక్కువ కాలం గడిపేది సొంతింట్లోనే కదా! 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని దివ్యాంగులు 22 లక్షల 66 వేల పైచిలుకు. మోకాళ్ళు అరిగినవాళ్ళు, కాలు విరిగి కట్టుతో ఉన్నవాళ్ళు, నిండు చూలాళ్ళు వీళ్ళకు అదనం. ఇంటి విషయంలో జరిమానా కంటే ప్రోత్సాహమే బాగా పనిచేస్తుంది. మన తెలుగువాళ్ళు ఎందరో స్థిరపడ్డ అమెరికాలోని ఆస్టిన్ నగరం 2000లోనే ఆ దారి పట్టింది. అందుబాటు ధరలో, దివ్యాంగులకు అనువుగా ఇళ్ళు కట్టే బిల్డర్లకు నగరపాలక ఫీజులు మాఫీ చేసింది. ఆ అలవాటు కుదిరాక 2014లో కొత్త ఇళ్ళన్నిటికీ మెట్టు లేని ద్వారం ఒకటైనా ఉండాలని నియమం పెట్టింది.

నన్ను పోసిన రోజు మేస్త్రి కాస్త బేరమాడాడు. “ఇంత పొడుగెందుకమ్మా? పదడుగులు చాలు. మిగతా జాగాలో తులసికోట కట్టుకోవచ్చు.”

“లేదు బాబాయ్, ప్లానులో ఎంతుందో అంతే పొయ్యండి.”

ఆయన ఇక మారుమాట్లాడలేదు. నీళ్ళ గొట్టంతో రెండు చివర్లా మట్టం చూసి, మేకులు కొట్టి దారం లాగాడు. పైపూత ఆరకముందే కొబ్బరి చీపురుతో అడ్డంగా గీతలు గీశాడు. ఆ గీతల వల్లే వానలో కూడా నా మీద కాలు జారదు. రెండు పక్కలా చేతికందే ఎత్తున పైపు కడ్డీలు బిగించి, చివర్లో అడుగు మేర ముందుకు వదిలాడు. వాలు అయిపోయిన చోటే మనిషికి ఆసరా ఎక్కువ కావాలి.

గృహప్రవేశం అయిన మర్నాడు కోడలు ఒక్కతే మామ్మగారి కుర్చీ తోసుకుంటూ నా మీదుగా గేటు దాకా దించింది. కూరల బండి వచ్చింది. మామ్మగారు వంకాయ ఒకటి కుడిచేత్తో తీసుకుని తొడిమ వంచి చూశారు. “పుచ్చుంది, ఇది తీసెయ్. కిలో ఎంతంటివి?” అని గట్టిగానే అడిగారు. మూడేళ్ళుగా ఆమె తరఫున ఎవరో ఒకరు కొనితెచ్చేవాళ్ళు. ఆరోజు బేరం ఆమెదే.

ఇప్పుడు నా మీద గ్యాస్ సిలిండరు దొర్లుతుంది, మంచినీళ్ళ డబ్బాల బండి ఎక్కుతుంది, మనవడి మూడు చక్రాల సైకిలు దిగుతుంది. పోలియో వచ్చిన పక్కవీధి అబ్బాయి ట్యూషను చెప్పడానికి తన కుర్చీలోనే వస్తాడు. ఒకరి కోసం గీసిన గీత ఇందరికి దారి అయింది.

అందుకే నా విన్నపం ఇది. ఇంటి ప్లాను అప్లికేషనులో ‘మెట్టు లేని ద్వారం ఉందా?’ అన్న ప్రశ్న ఒకటి చేర్చండి. ఉందని ప్లాను చూపించినవాళ్ళకు ఫీజులో కొంత తగ్గించండి, కట్టాక వచ్చి వాలు కొలిచి చూడండి. తగ్గేది కొద్ది మొత్తమే కావచ్చు. కానీ ఆ గడి నింపడానికి ప్రతి ఇంటివాళ్ళూ ఇంజనీరును ఒక మాట అడుగుతారు. ముగ్గు పొయ్యకముందే ఆ మాట వస్తే, మా వీధిలో తర్వాతి ఇల్లు మరో రెండడుగులు లేవకముందే ఒక దారి పుడుతుంది.