గ్రంథాలయంలో చేయొద్దన్నవన్నీ చేయండి: ఏడాది పొడవునా పనికొచ్చే తలకిందుల సలహాలు

గ్రంథాలయం గురించి మనకు చిన్నప్పటి నుంచీ చెప్పినవి రెండే మాటలు. మాట్లాడొద్దు, పుస్తకం నలపొద్దు. ఆ రెంటినీ అందరం బుద్ధిగా పాటించాం. ఫలితం ఏ ఊరి శాఖా గ్రంథాలయంలోనైనా చూడొచ్చు. పొద్దున పేపరు చదివే పెద్దలు, రోజంతా గ్రూప్సుకో డీఎస్సీకో చదువుకునే కుర్రాళ్లు. కథలూ నవలలూ మాత్రం బీరువాల్లో నలగకుండా ఉన్నాయి. పుస్తకం నలగలేదంటే దాన్ని ఎవరూ చదవలేదనే అర్థం. అందుకే ఈ సలహాలన్నీ ఎదురు దారిలో ఉంటాయి. వినగానే తప్పనిపిస్తాయి, అయినా చేసి చూడండి.

వేసవి

*తేలిక పుస్తకాల జోలికి పోకండి.* ఎండాకాలం కాలక్షేపం పుస్తకాలు చాలంటారు. ఏడాది మొత్తంలో ఇంటిల్లిపాదికీ తీరిక దొరికేది ఆ నెలన్నరే. లావుపాటి పుస్తకాన్ని అప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ తీయరు. ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' అడిగి తీసుకోండి. ఆయన 1830 మే నెలలో, మండుటెండల్లో, చెన్నపట్నం నుంచి పరివారంతో బయలుదేరారు. కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారి పొడవునా ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దారి ఎలా ఉందో రాసుకుంటూ పోయారు. పాత తెలుగు పిల్లలకు కొరుకుడు పడదు కాబట్టి పెద్దవాళ్లు పక్కన కూర్చుని చదివి చెప్పాలి. గ్రంథాలయం గోడకు ఒక పటం తగిలించి, వెళ్లేటప్పుడు కడప, హైదరాబాదు, నాగపూరు, వచ్చేటప్పుడు జగన్నాథం, రాజమహేంద్రవరం, నెల్లూరు అని పిల్లల చేత గుర్తులు పెట్టించండి. తమ ఊరికి దగ్గర్లో ఆయన ఎక్కడ ఆగారో వెతకడం మొదలుపెడితే ఆ పుస్తకం వాళ్లదైపోతుంది.

*వాన కథలు ఎండలో చదవండి.* ఏ కాలానికి ఆ కాలపు కథ అనే పద్ధతి పక్కన పెట్టండి. కిటికీ బయట వాన పడుతుంటే రచయిత రాసిన వానను మనం ఊహించుకోం, బయటిదే చూస్తాం. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' రోహిణి కార్తెలో చదవండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి గెలిచిన కథ అది. రైల్లో మొదలై తుఫాను రాత్రిలోకి నడుస్తుంది. వడగాలి కొడుతున్న మధ్యాహ్నం ఆ తుఫానును కళ్లకు కట్టించాలంటే మాటలకు ఎంత బలం ఉండాలో చదివేవాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

*శిబిరంలో పిల్లల్ని నోరు మూసుకోమనకండి.* వేసవి విజ్ఞాన శిబిరాలు నడిపే గ్రంథాలయాల్లో పెద్ద ఇబ్బంది ఒకటే. పిల్లల గోల వల్ల పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు కుదరదు. పిల్లల్ని అదిలించడం దీనికి మందు కాదు. రోజుకో అభ్యర్థిని పిలిచి, 'అన్నయ్యా, పావుగంట కథ చెప్పు', 'అక్కా, ఒక కథ చదివి వినిపించు' అని అడగండి. నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా బిట్లు బట్టీపట్టే ఆ కుర్రాళ్లకు అది ఊపిరి తీసుకునే సమయం. పిల్లలకేమో టీచరు కాని మనిషి కథ చెప్పడం ఎక్కడలేని ఉత్సాహం. ఆ తర్వాత రెండు గంటల నిశ్శబ్దం మీరు అడగక్కర్లేదు, అన్నయ్య చదువుకోవాలని వాళ్లే పాటిస్తారు.

ముసురు

*తడిసిపోతాయని పుస్తకాలు దాచకండి.* వానాకాలం రాగానే బీరువాలు బిగించి కలరా ఉండలు వేస్తారు. తేమా పురుగూ చేరేది ఆ కదలని వరసల్లోకే. చేతులు మారే పుస్తకానికి గాలి తగులుతుంది, పేజీలు విడివడతాయి. పాలిథిన్ కవరు ఒకటి జేబులో పెట్టుకుని వెళ్లి, రెండు పుస్తకాలు ఎక్కువే తెచ్చుకోండి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయాన్ని నడిపించారు. నీళ్ల మీద ఊరూరికీ పుస్తకాలు పంపిన నేల మనది. చినుకులకు జంకి వాటికి తాళం వేయడం ఆయన శ్రమకు తగదు.

*ఎవరికి వాళ్లు మౌనంగా చదవకండి.* ముసురు పట్టినప్పుడు పదిమంది పోగై 'కన్యాశుల్కం' పాత్రలు పంచుకుని చదవండి. రిహార్సలు వద్దు, కంఠతా వద్దు, చేతిలో పుస్తకంతోనే. 1909లో గురజాడ పెంచి రాసిన రూపం ఒకే విడతలో అయ్యేది కాదు, వారానికో అంకం పెట్టుకోండి. సంకోచించేవాళ్లకు చిన్న పాత్ర ఇవ్వండి, రెండో వారానికి వాళ్లే పెద్దది అడుగుతారు. రేకుల మీద వాన మోగుతుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు కూడా.

*నచ్చని పుస్తకాన్ని పూర్తి చేయకండి.* మొదలుపెట్టింది ముగించాలనే పట్టుదల చాలామందిని చదువుకే దూరం చేసింది. ముప్ఫై పేజీలు చూడండి. పట్టకపోతే తిరిగి ఇచ్చేసి మరొకటి తీసుకోండి. ఇచ్చేటప్పుడు ఒక చిన్న కాగితం మీద ఎందుకు వదిలేశారో రాసి లోపల పెట్టండి. తర్వాత తీసినవాళ్లు మీతో వాదించడానికైనా చివరిదాకా చదువుతారు.

నవంబరు

*వారోత్సవాల్లో వ్యాసరచన పోటీ పెట్టకండి.* ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్ పెట్టి, ఇరవయ్యో తేదీన బహుమతులు ఇస్తారు. బహుమతి వచ్చేది ముందునుంచే చదివే పిల్లలకు. రానివాళ్లు ఈ చోటు తమది కాదనుకుని వెళ్లిపోతారు. దాని బదులు, పుస్తకం వెనక అతికించిన తేదీల చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేని పుస్తకాన్ని వెతికి తెమ్మనండి. ఎవరూ తీయని ఆ పుస్తకంలో ఏముందో ఐదు నిమిషాలు చెప్పిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ చప్పట్లు కొట్టండి, ఆ చీటీ మీద వాళ్ల చేతే మొదటి తేదీ వేయించండి. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడన్నది గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో చెప్పిన సూత్రం. గ్రంథాలయ శాస్త్రమంతా చదివినా అంతకంటే దయగల మాట దొరకదు.

సంక్రాంతి

*పాత పుస్తకాలు దానం చేయకండి.* పండక్కి ఇల్లు దులిపి, పాత గైడ్లూ, చిరిగిన వారపత్రికలూ మూటకట్టి గ్రంథాలయానికి ఇస్తారు. వాటికి చోటు చూపించలేక అక్కడివాళ్లు పడే అవస్థ ఇంతా అంతా కాదు. ఇవ్వడం మాని అడగడం మొదలుపెట్టండి. మీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కలిసి ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు అది. అంటే గ్రంథాలయం ఎవరో పెట్టిన ధర్మసత్రం కాదు, మీ డబ్బుతో నడిచే మీ ఇల్లు. సలహాల రిజిస్టరు అడిగి, మీకు కావలసిన పుస్తకం పేరు, రచయిత పేరు స్పష్టంగా రాసి సంతకం పెట్టండి. ఒకరు రాస్తే పట్టించుకోకపోవచ్చు. పండక్కి వచ్చిన కొడుకులూ కోడళ్లూ మనవలూ అందరూ రాస్తే జిల్లా గ్రంథాలయ సంస్థ దాకా వెళుతుంది.

*ఆలస్యమైందని మొహం చాటేయకండి.* గడువు దాటిన పుస్తకం ఇంట్లో పెట్టుకుని, లైబ్రేరియన్ గారు ఏమంటారోనని ఏళ్ల తరబడి అటు వెళ్లనివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. జరిమానా చిన్నది, మానేయడం వల్ల జరిగే నష్టం పెద్దది. బీరువాలో నలగకుండా ఉండడం కంటే మీ ఇంట్లో నాలుగు చేతులు మారి ఆలస్యంగా రావడమే పుస్తకానికి మేలు. రేపే తీసుకెళ్లి ఇవ్వండి, జరిమానా కట్టండి. వచ్చేటప్పుడు ఇంకొకటి పట్టుకుని రండి.