తోడువాక్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: పెండ్లికని రాజమండ్రి పోవుచు మా అమ్మ ఫ్రిజ్ తలుపునకు ఒక చీటీ అంటించి పోయెను. గ్రంథమంతయు ఒకే వాక్యము. అరమాత్ర మిగిలినచో వైయాకరణులు కొడుకు పుట్టినంత సంబరపడుదురట. మా అమ్మ కాగితము మిగిలినచో సంబరపడును. చీటీ వెనుక గేదెపాలు పోయు ఆవిడ లెక్క ఉన్నది. దానికి టీక అక్కరలేదు, బాకీ అర్థమగుచునే ఉన్నది.

మూలము: “పాలు కాచి, గోరువెచ్చనయ్యాక చెంచాడు తోడేసి, కదపకుండా పడుకో.”

పాలు = క్షీరము. నిత్యబహువచనము. ఏకవచనము ఎందుకు లేదో వ్యాకరణము చెప్పదు, రసాయనశాస్త్రము చెప్పును. పాలు ఒక్క పదార్థము కాదు, ఒక గుంపు. ఆవుపాలలో నూటికి 87 పాళ్లు నీరే. గేదెపాలలో కొంత తక్కువ. ఆ నీటిలో కరగినది లాక్టోజ్ అను చక్కెర. కరగక తేలునవి వెన్నబొట్లు, కేసీన్ అను ప్రోటీను ఉండలు. అందుచేత ఇది మిశ్రమము. “నీళ్లు కూడ నిత్యబహువచనమే, మరి నీరు ఏకైక సమ్మేళనము కదా” అని ఆక్షేపింతురేమో. మా పాలావిడ పాలకును నీళ్లకును భేదము పాటింపదు గావున దోషము లేదు.

ఇంకొక విశేషము: పాలలోని ఏ వస్తువునకును తనదైన తెలుపు లేదు. ఆ బొట్లును ఉండలును వెలుతురును నలుదిక్కులకు చెదరగొట్టుటచే తెల్లగా తోచును. పాఠ్యపుస్తకము ఇట్టివానిని కాంజికాభములనును. కాంజికమనగా పులిసిన గంజి. పాలను వర్ణించుటకు గంజిని ఉపమానముగా తెచ్చిన పండితుడు ఏ హాస్టలులో చదివెనో!

కాచి = పొయ్యిమీద మఱగించి. నీరు కాగునప్పుడు బుడగ పైకి వచ్చి పగిలిపోవును. పాలయందు అట్లు కాదు. వేడి 70 డిగ్రీలు దాటుసరికి కొన్ని ప్రోటీన్లు తమ మెలికలు విప్పుకొని, కొవ్వును కలుపుకొని, పైన పొర కట్టును. ఆవిరికి దారి దొరకక ఆ పొరనే నెత్తిన పెట్టుకొని లేచును. దీనినే పొంగు అందురు. ఈ ఘట్టమున టీకాకర్త ఫోను చూచుచుండెను. ఫ్రిజ్ తలుపునుండి ఊడదీసి తెచ్చిన చీటీ పొయ్యిగట్టుమీద ఉండెను. తత్ఫలము పాఠాంతరమున చూచునది.

పూర్వపక్షము: కాచుట భౌతిక మార్పు, పాలు పాలుగానే ఉన్నవి గదా. సిద్ధాంతము: మంచు కరగిన నీటిని మరల మంచు చేయవచ్చును, కర్పూరపుటావిరిని మరల కర్పూరము చేయవచ్చును, కాచిన పాలను ఎంత చల్లార్చినను పచ్చిపాలు కావు. విప్పుకొన్న ప్రోటీను మరల పూర్వపు మెలిక తిరుగదు. బడిలో మార్పులను రెండు గదులలో కూర్చుండబెట్టిరి గాని, పాలు కాగుట గడపమీద నిలుచున్నది. పరీక్షలో మాత్రము ఇట్లు వ్రాయరాదు.

గోరువెచ్చనయ్యాక = వేలు ముంచినచో కాలక, చల్లగా తోచక ఉన్నప్పుడు. మా అమ్మ చిటికెనవ్రేలు ముంచును. థర్మామీటరు ముంచినచో 40 డిగ్రీలకు అటు ఇటుగా చూపును. మరీ వేడి అయినచో తోడులోని జీవులు చచ్చును, మరీ చల్లనైనచో నిద్రపోవును.

చెంచాడు తోడు = చెంచా నిండ నిన్నటి పెరుగు. చేమిరి అని నామాంతరము. బావినుండి నీరు తోడుట అను అర్థము ఇచ్చట పొసగదు. సహాయమను అర్థము పొసగును. పులిసిన పాలనుండి ఆమ్లమును 1780లో షీలే వేరుచేసెను. అది కంటికానని జీవుల పని అని పాశ్చర్ 1857లో చెప్పెను. ఆ జీవులు లాక్టోజును తిని లాక్టిక్ ఆమ్లమును విడుచును. లెక్క చూడుడు: 342 పాళ్ల లాక్టోజునకు 18 పాళ్ల నీరు చేరి 360 పాళ్ల ఆమ్లమగును. రవ్వంతయు పోలేదు, రవ్వంతయు రాలేదు. మా పాలావిడ లెక్కయు ఇట్లుండిన ఎంత బాగుండును!

కేసీన్ ఉండలన్నిటికిని ఋణావేశము కలదు. అందుచే ఒకదానినొకటి నెట్టుకొనుచు తోడికోడండ్రవలె ఎడముగా మసలును. ఆమ్లము పెరిగి పీహెచ్ 6.6 నుండి 4.6కు దిగునప్పటికి ఆవేశము చల్లారును. (శ్లేష. శాస్త్రజ్ఞులు ఉద్దేశింపలేదు.) అంతట ఉండలు చేతులు కలిపి వల అల్లును. నీరు, వెన్న ఆ వలలో చిక్కును. అదియే పెరుగు. ఇది నిస్సందేహముగా రసాయనిక మార్పు.

శంక: వంటసోడా వేసి పులుపు చంపినచో పెరుగు మరల పాలగునా? సమాధానము: కాదు. ఆమ్లము సోడియం లాక్టేట్ అగును గాని లాక్టోజు కాదు. బుసబుస నురుగు వచ్చును. టీకాకర్త ప్రయోగించి చూచెను. గట్టు రెండవసారి తుడిచెను.

శంక: మఱి చిలుకుటయో? యశోద కవ్వముతో చేసినది భౌతిక మార్పే. వెన్నబొట్ల పొరలు చిట్లి, బొట్లు ముద్దకట్టినవి. లోపలనున్నది బయటపడెను గాని కొత్తది పుట్టలేదు. పిల్లవానిమీద వచ్చిన ఫిర్యాదులన్నియు ఈ ప్రకరణమునకు సంబంధింపవు.

పాఠాంతరము: పొంగిన పాలు పడి మూలమున ఒక అక్షరము చెదరెను. అది “కదపకుండా”యో “కదలకుండా”యో తెలియరాలేదు. మొదటిదైనచో గిన్నెను కదపరాదు. అల్లుకొనుచున్న వల తెగి నీరు తేలును. రెండవదైనచో పడుకొన్నవాడు కదలరాదు. “పడుకో” అను క్రియకు సన్నిహితముగా ఉండుటచే టీకాకర్త రెండవ పాఠమునే గ్రహించెను. గిన్నెకు నిషేధమేమియు లేదుగదా అని దానిని రాత్రి పదింటికి ఫ్రిజ్‌లో పెట్టి, తాను కదలకుండ పడుకొనెను.

తెల్లవారి చూడగా గిన్నెలో పాలే ఉన్నవి. మూలకర్త్రికి ఫోను చేయగా ఆమె, “ఫ్రిజ్‌లో పెట్టావేంట్రా? అవి చలికి ముడుచుకున్నాయంతే, చావలేదు. బయట పెట్టు, మధ్యాహ్నానికి తోడుకుంటుంది. ఈసారి కదపకు” అనెను.

దీనితో పాఠము నిర్ణయమైనది.