నాలుగు బర్నర్లు, ఒక్క మిక్సీ

నేను సూపర్‌కంప్యూటర్ల మీద పరిశోధన చేస్తానని చుట్టాలకు చెప్పడం మా ఆవిడ మానేసింది. నేను ఫోన్లో కరెంటు బిల్లు కట్టబోయి పక్కింటివాళ్లది కట్టేసిన రోజు నుంచీ.

నా పనల్లా ఓ పెద్ద లెక్కని వేల ముక్కలు చేసి, వేల ప్రాసెసర్లకు పంచి, ఏదీ ఖాళీగా కూర్చోకుండా చూడటం. మొన్న ఆదివారం అత్తగారివైపు వాళ్లు పదిమంది భోజనానికొస్తున్నారంటే, ఈ విద్య ఇంట్లోనూ చూపిద్దామనిపించింది. పప్పు, పులుసు, గుత్తివంకాయ, బెండకాయ వేపుడు: నాలుగు బర్నర్ల మీద నాలుగూ ఒకేసారి. తొంభై నిమిషాల వంట, భాగించు నాలుగు, ఇరవై రెండున్నర. బాణం గుర్తులతో బొమ్మ గీసి ఫ్రిజ్‌కి అంటించాను కూడా.

పనిలో పదో వంతు ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాల్సి ఉంటే, ఎన్ని ప్రాసెసర్లు పెట్టినా వేగం పదిరెట్లు దాటదు. 1967లో జీన్ ఆమ్డాల్ లేవనెత్తిన వాదనే ఇది. ఏటా క్లాసులో చెబుతాను. మా వంటింట్లో ఆ పదో వంతు పేరు మిక్సీ.

జార్ నా చేతిలో ఉంది, నిండా కొబ్బరి పచ్చడితో. వంచడానికి గిన్నె కావాలి. గిన్నె ఆవిడ చేతిలో ఉంది, నిండా వేయించిన పల్లీలతో. పొయ్యడానికి జార్ కావాలి. తక్కిన గిన్నెలన్నీ నా పద్ధతి పుణ్యమా అని సింకులో ఉన్నాయి. దీన్ని మేం డెడ్‌లాక్ అంటాం. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ముగియదు, కరెంటు మీటర్ తిరుగుతూనే ఉంటుంది. మా ఇంట్లో అదనంగా బెండకాయలు మాడాయి.

"ఏమండీ, మీరు కాస్త హాల్లో కూర్చోండి," అంది.

కూర్చున్నాను. అరగంటలో వంటయిపోయింది. ప్రాసెసర్లు ఓ హద్దు దాటితే వాటి మధ్య కబుర్లకే సమయమంతా పోయి పని మందగిస్తుంది. ఆ సంగతి మీద నా పేపరొకటి ఉంది, కానీ అప్పుడు గుర్తు చెయ్యలేదు.

భోజనాల దగ్గర మామగారు అడిగారు, పుణెలో 1991లో సి-డాక్ వాళ్లు తయారుచేసిన పరమ్ 8000 సూపర్‌కంప్యూటర్ సంగతి. అంతకుముందు అమెరికా మనకు క్రే సూపర్‌కంప్యూటర్ ఇవ్వననడం ఆయనకింకా కోపమే. నాకు ఊపొచ్చింది. 2022లో ఫ్రాంటియర్ అనే యంత్రం సెకనుకి ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని లెక్కలు దాటింది మామగారూ, అన్నాను.

"ఆ సున్నాలు లెక్కపెట్టడం అయ్యాక," వంటింట్లోంచి వినపడింది, "జార్ అక్కడే ఉంది, కడిగి పెట్టండి."