ముఖం చదివే ఆఫీసరు

అమెరికా విమానాశ్రయాల్లో ముఖం చదివే ఆఫీసరును గుర్తుపట్టడం ఒకప్పుడు చాలా తేలిక. సెక్యూరిటీ చెక్ దగ్గర మిగతా సిబ్బంది ట్రేలు మోస్తుండేవారు, బూట్లు విప్పిస్తుండేవారు, నీళ్ల సీసాలు పారేయిస్తుండేవారు. ఈయన మాత్రం చేతులు కట్టుకుని చూస్తుండేవాడు. చూడడానికే ఈయనకు జీతం.

ఈ జాతికి బీజం 2003లో బోస్టన్‌లోని లోగన్ విమానాశ్రయంలో పడింది. రవాణా భద్రతా సంస్థ టీఎస్‌ఏ అక్కడ చేసిన ప్రయోగం ‘స్పాట్’ అనే పేరుతో 2007 నుంచి దేశమంతా పాకింది. చెడు తలపెట్టినవాడికి లోపల భయం ఉంటుందనీ, అది ముఖంలోకి తన్నుకొస్తుందనీ, దాన్ని పసిగడితే బ్యాగు తెరవకముందే మనిషి దొరుకుతాడనీ ఈ పథకం నమ్మకం. తొలినాళ్లలో ఈ విద్యకు 4 రోజుల తరగతులు, ఆపైన 24 గంటల పని తర్ఫీదు సరిపోయాయి. చిలక జోస్యుడికైతే జోస్యం తప్పినప్పుడు నెపం వేయడానికి చిలకైనా ఉంటుంది. ఆఫీసరుకు ఉన్నదల్లా ఒక జాబితా.

ఆ జాబితా 2015లో బయటపడింది. అందులో తొంభైకి పైగా లక్షణాలున్నాయి. ఆవలించినా, ఈల వేసినా, గొంతు సవరించుకున్నా, అరచేతులు చెమర్చినా, తనిఖీ మీద సణిగినా పాయింట్లే. కొన్ని పాయింట్లు దాటితే పక్కకు పిలుపు, మరికొన్ని దాటితే పోలీసులకు కబురు. 55 దాటిన భార్యాభర్తలు జంటగా కనిపిస్తే మాత్రం పాయింట్లు తగ్గించాలట. కూతురి పురిటికని హైదరాబాదు నుంచి బయల్దేరి, ఒక రాత్రంతా కుర్చీలో కునికి, ఇంకో విమానం కోసం మళ్లీ తనిఖీ వరసలో నిలబడ్డ మన అమ్మానాన్నలకు ఆవలింతల వల్ల చేరే పాయింట్లు దాంపత్యం వల్ల చెల్లిపోయేవన్నమాట.

డ్యూటీ దిగినా ఆఫీసరు చూపు దిగదు. ఇంట్లో కొడుకు మార్కుల కాగితం ఇస్తూ గుటక మింగితే పాయింటు. కొత్త చీపురు ఎంతకు కొన్నావంటే భార్య నేల చూపులు చూస్తే పాయింటు. ఆయన ఎప్పుడూ లెక్కవేయని మనిషి ఒక్కడే ఉన్నాడు. సామాను లేకుండా, విమానం ఎక్కే తొందర లేకుండా, వచ్చేపోయే వాళ్లను గుడ్లప్పగించి చూసే ఆ మనిషి తానే. జాబితాలో ‘గుచ్చుకునే చల్లని చూపు’ కూడా ఒక లక్షణమే.

మన విమానాశ్రయాలకు కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్ 2019లో జవాన్ల ముఖాల మీద కూడా దృష్టి పెట్టింది. విమానాశ్రయాల్లో విశాలమైన చిరునవ్వు తగ్గించి, సరిపడా చిరునవ్వుతో సరిపెట్టి, అప్రమత్తత పెంచాలని చెప్పింది. సరిపడాకు ఎన్ని పళ్లన్నది జవాను విచక్షణకే వదిలేశారు కాబోలు.

ముఖం మీద ఇంత నమ్మకం పెట్టుకున్నవాళ్లు 1986 ఏప్రిల్‌లో లండన్ హీత్రోలో జరిగింది గుర్తుచేసుకోవాలి. ఇజ్రాయెల్ విమానసంస్థ ఎల్ అల్ వరసలో నిలబడ్డ ఐర్లండ్ గర్భిణి బ్యాగులో, ఆమెకు తెలియకుండానే, ప్రియుడు బాంబు పెట్టి పంపాడు. విమానాశ్రయం తనిఖీలో బ్యాగు దాటిపోయింది. తప్పు చేయని ముఖంలో భయం ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరిని కలవడానికి వెళ్తున్నావు, బ్యాగు ఎవరిచ్చారు అని ఎల్ అల్ సిబ్బంది అడిగిన ప్రశ్నలకు వచ్చిన జవాబులు పొంతన కుదరక బాంబు బయటపడింది. శిక్షణ అంటూ ఇస్తే ఇలా మాట కలిపి అడగడంలో ఇవ్వాలి.

రెండో శిక్షణ ఎక్స్‌రే తెర ముందు కూర్చున్నవాడికి. రోజూ వేల బ్యాగుల్లో దువ్వెనలూ ఛార్జర్లే చూసిన కన్నుకు, అరుదుగా వచ్చే తుపాకీ ఎదుటే ఉన్నా ఆనదు. అందుకే యంత్రం అప్పుడప్పుడూ నిజమైన బ్యాగు బొమ్మలోకి దొంగ తుపాకీ బొమ్మ చొప్పిస్తుంది. పట్టుకుంటే ఇది పరీక్ష అని చెబుతుంది, వదిలేస్తే లెక్క రాసుకుంటుంది. ఈ పని చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు, కానీ అవసరం మాత్రం ఇలాంటి శిక్షణదే. 2015లో ప్రయాణికుల వేషంలో వెళ్లిన పరీక్షకులు 70 సార్లు నకిలీ బాంబులు, ఆయుధాలు తీసుకెళ్తే 67 సార్లు దాటిపోయాయని తేలాక, టీఎస్‌ఏ కొత్తగా చేరినవాళ్లను జార్జియాలోని అకాడమీకి పంపడం మొదలుపెట్టింది.

ముఖం చదివే విద్య మీద అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2013లోనే తీర్పు చెప్పింది. అప్పటికి ఖర్చు దాదాపు 90 కోట్ల డాలర్లు. హావభావాలు చూసి అబద్ధం పట్టడంలో మనుషుల నైపుణ్యం బొమ్మా బొరుసూ వేయడంతో సమానం, మహా అయితే వెంట్రుకవాసి ఎక్కువ అని వందల అధ్యయనాలు చూసి తేల్చింది. టీఎస్‌ఏ లక్షణాల జాబితాను 36కు కుదించినా, వాటిలో 28కి చెల్లుబాటయ్యే ఆధారమే లేదని 2017లో అదే కార్యాలయం మళ్లీ రాసింది. అదే ఏడాది నాటికి టీఎస్‌ఏ ఆ ప్రత్యేక ఉద్యోగాన్ని ఎత్తేసి, ఆఫీసర్లను మామూలు తనిఖీ పనికి పంపేసింది.