ఫోర్ షేరింగ్‌లో నవలమ్మ

అమీర్‌పేటలో మా లేడీస్ హాస్టల్ మూడో అంతస్తులో నలుగురం ఉండే గది. కిటికీ పక్క మంచం నవలమ్మది. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ అది ఆధార్ కార్డు దాటి బయటికి రాదు. ఇలాంటి నవలమ్మ ప్రతి హాస్టల్లోనూ అంతస్తుకొకతె ఉంటుంది. సాంబారులో ముక్క పడిందో లేదో చూసుకోకుండా తింటుంది. ఎడమచేతిలో పుస్తకం, లేకపోతే ఫోను. పేజీ తిప్పుతూ తనలో తనే ముసిముసిగా నవ్వుకుంటుంది. పొరపాటున "ఏమైందే?" అన్నారా, ఆ పూట మీ పని అయిపోయినట్టే. కథంతా వినాలి.

ఏ పుస్తకమైనా కథ ఒకటే. ఇద్దరు ఒకే ఇంట్లో అద్దెకు దిగుతారు. మొదట ఒకరంటే ఒకరికి పడదు. తర్వాత ఒకరి కోసం ఒకరు పడి చస్తారు. మధ్యలో నాలుగు వందల పేజీలు.

ఈ నవలమ్మకు వేదం బెత్ ఓలియరీ రాసిన 'ది ఫ్లాట్‌షేర్'. 2019లో వచ్చింది. లండన్‌లో టిఫీ అనే అమ్మాయి, ఇల్లంతా అద్దెకు తీసుకునే తాహతు లేక, నెలకు 350 పౌండ్లకు సగం మంచం తీసుకుంటుంది. సగమంటే అడ్డంగా గీత గీసి కాదు, గడియారం చూసి. ఆ ఇంటి కుర్రాడు లియాన్ నర్సు. చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే చోట రాత్రి డ్యూటీ. రాత్రి అతను లేనప్పుడు ఈమె పడుకుంటుంది, పగలు ఈమె ఆఫీసుకు పోతే అతను పడుకుంటాడు. నెలల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోరు. చీటీలు రాసుకుంటారు. ఆ చీటీలు ముదిరి ప్రేమవుతాయి.

నా ఖర్మ కొద్దీ నాదీ నైట్ షిఫ్టే. అమెరికావాడు ఆవలించేదాకా నేను పడుకోకూడదు. ఈ సంగతి నవలమ్మ బుర్రలో ఎప్పుడు వెలిగిందో గానీ, ఒకరోజు తెల్లవారి ఐదింటికి క్యాబ్ దిగి వచ్చేసరికి అద్దం మీద పసుపు చీటీ ఉంది. మా అద్దం నిండా నలుగురం అంటించి వదిలేసిన బొట్టుబిళ్ళలే. జిగురు పట్టక, అందులోంచే ఓ మెరూన్ బిళ్ళ పీకి, దాంతో చీటీకి బొట్టు పెట్టినట్టు అంటించింది. "హలో అపరిచితురాలా! రాత్రి ఎలా గడిచింది? ఫ్రిజ్‌లో నీకోసం ఒకటి ఉంచాను."

ఫ్రిజ్ ఉండేది కింద, వార్డెన్ ఆంటీ గదిలో. మూడంతస్తులు దిగాను. ఆంటీని లేపాను, ఆవిడ తిట్టవలసినవి తిట్టింది. ఫ్రిజ్‌లో సగం ఖాళీ అయిన పెరుగన్నం డబ్బా. డబ్బా నాది. పెరుగన్నం కూడా నాదే, నిన్నటిది.

చీటీ వెనకవైపు రాశాను: "నీ బట్టలు బకెట్లో నానబెట్టి మూడు రోజులైంది. వాసన." సాయంత్రం దాన్ని డైరీలో దాచుకుంటూ మురిసిపోయింది. "మొదట్లో లియాన్ కూడా ఇలాగే పొడిపొడిగా రాస్తాడే!"

లియాన్ పొడి మాటలంటే నవలమ్మకు ప్రాణం. అతను చెప్పే అధ్యాయాల్లో 'నేను' అన్న మాట కనబడదు. ఇంగ్లిషులో అది విడ్డూరం. సిగ్గరి, లోతైనవాడు అని పాఠకులు కరిగిపోతారు. మన నాన్నలు పుట్టినప్పటి నుంచీ అంతేగా? "వచ్చా. తిన్నా. పడుకుంటా." వాళ్ళ మీద ఎవరూ నవల రాయలేదు.

నేనూ చదివాను ఆ పుస్తకం. క్యాబ్‌లో, ఫోను వెలుతురు తగ్గించి. నవలమ్మకు చెప్పకండి. నాకు పట్టుకున్నది చీటీలు కావు. పాత ప్రియుడు జస్టిన్ ఇన్నేళ్ళూ తనను ఎలా ఆడించాడో టిఫీకి మెల్లమెల్లగా తెలిసొస్తుంది. నవ్వుతూ చదువుతుంటే అక్కడ గొంతులో ముల్లు పడుతుంది. నవలమ్మ ఆ పేజీలు చకచకా దాటేస్తుంది.

ఒక ఆదివారం తెనాలిలో ఉన్న వాళ్ళమ్మకు ఫోన్లో 'రూమీస్' కథ చెబుతోంది. క్రిస్టినా లారెన్ అన్న పేరుతో ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి రాసిన నవల, 2017ది. న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్లో గిటారు వాయించే ఐరిష్ కుర్రాడికి వీసా గడువు దాటిపోయింది. బ్రాడ్‌వేలో అతనికి ఉద్యోగం దక్కాలని హీరోయిన్ కాగితాల కోసం పెళ్ళాడి ఇంటికి తెచ్చుకుంటుంది.

"మిస్సమ్మ కదే ఇది!" అంది వాళ్ళమ్మ.

"కాదమ్మా, ఇది రొమాంటిక్ కామెడీ."

"మరి అదేమన్నా యుద్ధం సినిమానా?"

ఆవిడ మాట కాదనలేం. 1955లోనే అప్పాపురం జమీందారుకు భార్యాభర్తలైన బీఏ టీచర్లు కావాలంటే, పెళ్ళికాని ఎన్టీఆర్, సావిత్రి ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాల్లా నటిస్తూ ఒకే ఇంట్లో దిగారు. అక్కడ పెళ్ళి అబద్ధం, ఇక్కడ ప్రేమ అబద్ధం. నవలమ్మ 'ఫేక్ మ్యారేజ్', 'ఎనిమీస్ టు లవర్స్' అంటూ వేళ్ళు మడిచి లెక్కబెట్టే ట్రోపులన్నీ ఎల్.వి. ప్రసాద్ ఒక్క సినిమాలో సర్దేశాడు. పైగా అక్కినేని డిటెక్టివ్ వేషం కొసరు.

ఓలియరీ ఉద్యోగానికి వెళ్ళొచ్చే రైళ్ళలో ఈ నవల రాసిందని చదివి, నవలమ్మ కూడా నోటుపుస్తకం పట్టుకుని మెట్రో ఎక్కింది. అమీర్‌పేట నుంచి రాయదుర్గం దాకా ఒంటికాలి మీద నిలబడి, పై కడ్డీ పట్టుకుని, ఒక్క వాక్యం రాసింది. అందులో రెండు మాటలు పక్కమ్మాయి మోచెయ్యి రాసింది.

పంచుకోవడంలోనే ప్రేమ పుడుతుందనే ఈవిడ, ఇంటి నుంచి వచ్చిన సున్నుండల డబ్బాను సూట్‌కేసులో పెట్టి తాళం వేస్తుంది. ఇది మాత్రం చెప్పి తీరాలి.

మొన్న సంక్రాంతికి పెళ్ళిచూపులయ్యాయి. అబ్బాయితో విడిగా మాట్లాడమంటే రెండే అడిగిందట. "మీకు నైట్ షిఫ్టులు ఉంటాయా అండీ?" లేవన్నాడు. "రాత్రిపూట దుప్పటి లాగుతారా?" అతను కంగారుపడి, "మాది డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటండీ, దుప్పట్లు కూడా బోలెడు" అన్నాడు. తిరిగొచ్చి మంచం మీద కూలబడింది. "డబుల్ బెడ్‌రూమటే! ఇంకేం కథ నడుస్తుంది?" అయినా ఒప్పుకుంది. పెళ్ళి మాఘమాసంలో.

పోయిన శనివారం గది ఖాళీ చేసింది. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి మంచం మీద పరుపొక్కటే ఉంది. బకెట్టు కడిగి బోర్లించి ఉంది. నా దిండు పక్కన సున్నుండల డబ్బా, తాళం లేకుండా. అద్దం మీద ఎంత వెతికినా చీటీ లేదు.

కాబట్టి తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి. అమీర్‌పేట, మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం ఖాళీ. గీజరు ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా. పగలు పనిచేసేవాళ్ళయితే మేలు. పసుపు చీటీలు కొనుక్కోనక్కర్లేదు, నేను కొన్న కట్ట ఇంకా సగం ఉంది.